వేలు మళ్ళీ పెట్టండి

మా ఇంట్లో ఒక సొరుగుంది.
తెరిస్తే వైర్లు చుట్టలు చుట్టుకుని పడుకునుంటాయి.
ఏది ఏ ఫోనుదో నాకే గుర్తు లేదు.
వెడల్పు పిన్నుది, సన్న పిన్నుది, గుండ్రటిది,
చచ్చిపోయిన కంపెనీల బొడ్డుపేగులు.
"పాత సామానోడికేస్తే అరకిలో ఉల్లిపాయలొస్తాయి"
అంటుంది రమణకుమారి.
నేను సొరుగు మూసేస్తాను.

మార్కాపురంలో మే నెల.
ఫోన్లో మేఘం బొమ్మ, దాని కింద మూడు చినుకులు:
మరో పదకొండు నిమిషాల్లో వాన.
బయట ఆకాశం తోమి బోర్లించిన కంచంలా ఉంది.
అయినా వెళ్ళి ఆరేసిన బట్టలు తెచ్చేశాను.
పదకొండు నిమిషాల పాటు
నమ్మడంలో కూడా ఒక చల్లదనముంది.

మాట చెబితే రాసిపెట్టే యాప్ ఒకటి దించాను.
"యాడికి బోయినావు" అన్నాను.
"ఏడుకి భోజనాలు" అని రాసింది.
మా మాట దాని చెవికింకా ఎక్కలేదు.
ఆ రోజు మాత్రం ఏడుకే తిన్నాం.

రాత్రి డ్యూటీ సబ్‌స్టేషన్లో.
గంటకోసారి మీటర్లు రాసుకోవాలి, మధ్యలో ఖాళీ.
ట్రాన్స్‌ఫార్మరు ఒకే శ్రుతిలో గుంయ్యిమంటుంటే
నేను ఎక్కడో ఎడారిలో ఒక నీటిగుంటను చూస్తుంటాను.
ఎవరో అక్కడో కెమెరా కట్టి వదిలేశారు.
ఎక్కువ రాత్రులు ఏదీ రాదు.
మొన్న రెండుంపావుకి జిరాఫీ ఒకటొచ్చింది.
ముంగాళ్ళు బారజాపి, వంగి,
నాలుగు దిక్కులూ బెదురుతూ తాగింది.
పక్కన చిన్న అంకె: చూస్తున్నవారు నలుగురు.
మిగతా ముగ్గురూ ఎవరో,
వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు టైమెంతో.
ఇంతలో తర్లుపాడు ఫీడరు ట్రిప్పయింది.
లేచెళ్ళి లైను వేసి వచ్చేసరికి
గుంటలో చందమామ ఒక్కటే కదులుతోంది.
చూస్తున్నవారు ఇద్దరు.

ఉపగ్రహం తీసిన పటంలో మా వీధి వెతికాను.
డాబా మీద నల్లచుక్క, మా నీళ్ళ ట్యాంకు.
నిరుడు కోతులు దొర్లిస్తే పగిలిపోయిందది.
అక్కడ మాత్రం ఇంకా నిటారుగా ఉంది,
బహుశా నిండుగా కూడా.
వేళ్ళు దగ్గరికి లాగితే ఊరు చిన్నదై,
చివర బూడిదరంగు గుట్టలు తేలాయి:
పలకలు తీయగా మిగిలిన రాతిచెక్కు.
ఎవరో బలపం అరగదీసి
ఊదడం మరిచిపోయినట్టు.

కొత్త టాబ్లెట్ కొన్నప్పుడు
ఎదురింటి కాశింబీకి చూపించాను.
ఇరవై రెండేళ్ళు పలకల ఫ్యాక్టరీలో
రాయి నున్నజేసిన మనిషి.
చేత్తో తూచింది. అంచులు తడిమింది.
కన్ను మూసి, వాలుగా పట్టి, వంపుందేమో చూసింది.
"చట్రం మరీ సన్నం పెట్టారు,
పిలకాయలు కిందేస్తే మూల ఇరిగిద్ది" అంది.
ఇంత వివరమైన సమీక్ష
నేనే వీడియోలోనూ వినలేదు.

బొమ్మలేసే యాప్ తెరిచిచ్చాను.
వేలితో ఒక అడ్డగీత గీసింది.
ఆ వేలే నాలుక్కి తాకించి
తుడవబోయింది.
పోలేదు.
ఇద్దరం నవ్వుకున్నాం.

అక్కడితో ఊరుకోవాల్సింది.
"దీని తాళానికి నీ వేలిముద్ర కూడా పెడదాం" అన్నాను,
వచ్చిన సరదా అంత తేలిగ్గా పోదు కదా నాకు.
వేలు పెట్టండి, అంది తెర.
వేలు మళ్ళీ పెట్టండి.
తుడిచి పెట్టండి.
వేలు మళ్ళీ పెట్టండి.
సెన్సరు పాడేమోనని నాది పెట్టి చూశాను,
టక్కున తెరుచుకుంది.
"రేషను మిషనూ ఇదే మాటంటది,
వాళ్ళు కన్ను జూసి ఇస్తార్లే" అంది కాశింబీ,
వేలు కొంగుకి తుడుచుకుంటూ.

ఫోను కెమెరా దగ్గరికి జరిపి
పదింతలు పెద్దది చేసి చూశాను.
గీత లేదు, సుడి లేదు.
రాతితో పాటు అదీ నునుపు తేలింది.
ఏమనాలో తెలీక
కెమెరా చాలా బాగుంది కదా, అన్నాను.

రాత్రి డ్యూటీకి టాబ్లెట్ కూడా పట్టుకెళ్ళాను.
వేలిముద్ర తాళం తీసేసి
నాలుగంకెలది పెట్టాను, ఎందుకో.
నీటిగుంటకి ఏదీ రాలేదు.
కాశింబీ గీత ఇంకా తెర మీదే ఉంది,
ఎడమనుంచి కుడికి, చివర కొంచెం వణికి.
భద్రం చేయమన్నాను.
పేరేమిటని అడిగింది.
నేను ఆలోచిస్తూ మీటర్లు రాసి వచ్చేలోపు
అదే పెట్టేసుకుంది:
పేరులేనిది 1.